రొమ్ములో గడ్డ – కొరియా స్త్రీల నమ్మకములు

నేటి నా ప్రసంగవిషయము పదిమందిలో బిగ్గఱగా జెప్పుకొనునది కాదు. స్త్రీలు తమ రొమ్ములను దామే నెలకొకసారి తడవి చూచుకొనుట, అందేదైన గడ్డ తగిలినచో వైద్యునికడకు బోవుటయో పోకుండుటయో, ఈ విషయమున గొరియా దేశపు స్త్రీలలో వేరూనియున్న నమ్మకములు – ఇవి నేను చెప్పదలచినవి. వైద్యురాలనైనను, సభలో నిలుచుండి చెప్పవలసివచ్చినచో నేనును గొంత సంకోచింతును. రేడియోలో నొక సౌకర్యము గలదు. చెప్పువారి మొగము వినువారికి గానరాదు; వినువారి మొగము చెప్పువారికి గానరాదు.

కొరియాయే యేల యని మీరడుగవచ్చును. ఒక మనుష్యుని జీవితకాలములో నింతగా మాఱిన దేశములు లోకమున గొలదిగానే యున్నవి. నేను చెప్పుచున్నది ముఖ్యముగా దక్షిణ కొరియాను గూర్చి. 1960 ప్రాంతమున నచట నొక్కొక్క స్త్రీ సగటున ఆఱుగురు బిడ్డలను గనుచుండెను. 2023 నాటికి ఆ లెక్క 0.72కు దిగినది, అనగా ఒక్కరికంటెను దక్కువ. పల్లెలు పలుచబడినవి, పట్టణములు నిండినవి. 1989 నుండి ప్రజలందఱికిని ఆరోగ్యబీమా గలదు. ఇన్ని మాఱినను, పెద్దలమాటపై గౌరవము, శరీరమును గూర్చిన సిగ్గు, విధిని గూర్చిన తలంపు మాత్రమంత త్వరగా మాఱలేదు. పేదఱికము తొలగిన పిమ్మటగూడ మిగిలియుండు నమ్మకమెట్టిదో చూడగోరువారికి గొరియా మంచి తావు.

కొరియావారికి వ్యాధినిగూర్చి రెండు సామెతలు గలవు. 'తెలియకుండుటయే మందు' అనునది యొకటి. 'జబ్బును దాచక చాటుకొనుము' అనునది మఱియొకటి. పదిమందికి జెప్పినచో నెవరో యొకరు మందు తెలిసినవారుందురని దాని భావము. సామెతలు తఱుచుగా నొకదానినొకటి కాదనుచుండును. ఎవరికేది యక్కఱయో వారది తీసికొందురు. కాలు విఱిగినవాడు చాటుకొను సామెతను బట్టుకొని యూరంతయు జెప్పుకొనును. రొమ్ములో గడ్డ తగిలిన స్త్రీ తెలియకుండు సామెతను బట్టుకొని యూరకుండును. నా ప్రసంగమంతయు నీ యూరకుండిన స్త్రీనిగూర్చియే.

ఆమె మౌనమునకు మూలము మిక్కిలి పాతది. జొసొన్ వంశపు రాజులు 1392 మొదలు 500 ఏండ్లకు పైగా గొరియాను బాలించిరి. వారి కాలమున గన్ఫ్యూషియసు నీతి రాజ్యధర్మమయ్యెను. ఏడేండ్లు వచ్చిన పిమ్మట నాడుబిడ్డయు మగబిడ్డయు నొక్కచోట గూర్చుండరాదనునది యా నీతిలో నొక సూత్రము. ఇట్టి దేశమున రోగియైన స్త్రీ మగవైద్యునికి జేయి చూపుటకును సిగ్గుపడి, చికిత్సలేకయే ప్రాణము విడుచుచుండెను. ఈ సంగతి రాజసభకెక్కెను. 1406లో థేజోంగ్ రాజు కాలమున గొందఱు బాలికలను ఏఱి, వారికి నాడిచూచుటయు సూదిచికిత్సయు నేర్పిరి. వీరిని ఉయ్‌న్యో లనిరి, వైద్యస్త్రీలని యర్థము. 2003లో గొరియావారు తీసి లోకమంతట జూపిన టెలివిజను కథలోని నాయిక జాంగ్‌గుమ్ ఇట్టి వైద్యస్త్రీయే. రాజుగారి దినచర్యాగ్రంథములలో నామె పేరు నిజముగానే కలదు.

రాజు చేసిన పని మంచిదే. కాని యా బాలికలను దెచ్చినది ప్రభుత్వపు దాసీకుటుంబములనుండి. పరుల శరీరమును దాకు వృత్తి గౌరవముగల యింటి పిల్లలకు దగదని యెంచిరి. 1500 ప్రాంతమున నొక దుష్టరాజు వీరిని విందులలో నాటకత్తెలతోపాటు కూర్చుండబెట్టెను. స్త్రీకి స్త్రీవైద్యము కావలెను. ఆ వైద్యము చేయు స్త్రీకి మాత్రము మర్యాద యక్కఱలేదు. ఈ రీతి కొరియాకే ప్రత్యేకమని నేననను.

క్రొత్తవైద్యము వచ్చినప్పుడును ఇదే చిక్కు. 1887లో అమెరికానుండి వచ్చిన మెటా హోవర్డు అను వైద్యురాలు సియోల్ నగరమున స్త్రీలకు బ్రత్యేకముగా నొక వైద్యశాల పెట్టెను. తరువాత 1890లో రోసెట్టా షెర్వుడ్ అను మఱియొక వైద్యురాలు వచ్చెను. ఆమెకు మాటలు దర్జుమా చేయుటకు జేరిన కొరియా బాలిక, కాలక్రమమున ఎస్తేరు పార్కు అను పేరుతో అమెరికాకేగి, 1900లో వైద్యపట్టమునంది, పాశ్చాత్యవైద్యము నేర్చిన తొలి కొరియా స్త్రీయయ్యెను. ఆమె చదువునకై ఆమె భర్త పరదేశమున గూలిపని చేసెను. ఆమె పట్టమునందుటకు గొలదికాలము ముందే క్షయవ్యాధితో మరణించెను. ఆమె తిరిగివచ్చి పదియేండ్లు రోగులను జూచి, తానును అదే వ్యాధితో 1910లో గతించెను. భార్య చదువుకొఱకు భర్త యట్లు పాటుపడుట ఆనాటి కొరియాలో నెంత యరుదో మీరూహింపగలరు.

ఇక నమ్మకములు. కొరియావారికి బూజ్యమైన వైద్యగ్రంథమొకటి కలదు; దాని పేరు దొంగుయి బొగాం. రాజవైద్యుడగు హొ జున్ దానిని 1610లో ముగించెను, 1613లో నది యచ్చుపడెను. 2009లో యునెస్కోవారు దానిని లోకమునకు స్మరణీయములగు గ్రంథముల పట్టికలో జేర్చిరి. అందు రొమ్మువ్యాధులను గూర్చి వేఱుగా జెప్పబడియున్నది. ముదిరిన రొమ్ముగడ్డకు వారు పెట్టిన పేరు 'రొమ్ముఱాయి'. పలకపై నాడు ఆటకాయవంటి గడ్డ రొమ్ములో దాగియుండుననియు, దానికి నొప్పియు దురదయు నుండవనియు, ఏండ్లు గడచిన పిమ్మట పుండై లోనికి గుంటపడుననియు, అప్పటికది మానరానిదగుననియు నా పాతవైద్యులు గుర్తించిరి. ఎక్సురేలు లేవు, సూక్ష్మదర్శినులు లేవు. వ్రేళ్లును గన్నులును మాత్రమే. అయినను నేడు మేము వైద్యవిద్యార్థులకు జెప్పు ముఖ్యలక్షణమును వారు పట్టుకొనిరి. మొదట నొప్పి యుండదు. ఈ యొక్క మాటను బట్టుకొనియుండినచో నెందఱో బ్రదికియుందురు.

కాని జనులు పట్టుకొన్నది యీ మాటను గాదు, కారణమునుగూర్చి చెప్పిన మాటను. భర్త యాదరము గాని, అత్తమామల యాదరము గాని పొందని స్త్రీ, దుఃఖమును గోపమును బైటికి జెప్పక రేయింబవళ్లు దిగమ్రింగుటచేత నీ గడ్డ పుట్టునని 14వ శతాబ్దపు చీనావైద్యుడు జూ దాన్‌షీ వ్రాసెను. కొరియా వైద్యులును ఆ త్రోవనే నడచిరి. ఆ మాటలోని జాలి మెచ్చదగినది. కోడలి కడగండ్లను వైద్యగ్రంథమున జేర్చిన వాడాతడు. దుఃఖమువలన రొమ్ముక్యాన్సరు పుట్టునని చూపు గట్టి ప్రమాణము మాత్రము నేటివఱకును లేదు. ఈ నమ్మకమువలన రెండు కీడులు. గడ్డగల స్త్రీ యింటివారికి జెప్పినచో, ఆ యింట దానికి సుఖములేదని చాటినట్లగును. అత్తగారు నొచ్చుకొందురు, భర్త తల వంచుకొనవలసివచ్చును. ఇక నింట సుఖముగా నున్న స్త్రీయో, నాకేల వచ్చునని నిశ్చింతగా నుండును.

దీనికి దోడు కొరియాలో హ్వాబ్యంగ్ అను వ్యాధియొకటి చెప్పుచుందురు. నిప్పురోగము, లేక కోపరోగమని యర్థము. అణచుకొన్న కోపము ఱొమ్మున జేరి వేడియై, బరువై, గొంతునను ఎదలోను ముద్దవలె నడ్డుపడునని దాని లక్షణము; నడివయసు స్త్రీలలో నెక్కువ. 1994లో అమెరికా మనోవైద్యులు తమ గ్రంథములో గూడ దీనిని బేర్కొనిరి. ఎదలో ముద్దయున్నదనుట యచట నిట్లు నిత్యము వినవచ్చు మాట యయ్యెను. అట్టిచోట నిజమైన గడ్డ తగిలినను, ఇదియు మనోవ్యథయేయని సరిపెట్టుకొనుట సులభమని నా తలంపు.

నొప్పి లేదు గనుక రోగము లేదనుట రెండవ నమ్మకము. ఇది మన యిండ్లలోను నేను వినుచున్నదే. వైద్యునికడకు బోవుటనగా బాధ నివారించుకొనుటకని యనుకొన్నవారికి, బాధలేనివాడు వైద్యుని జూడబోవుట యర్థములేని వ్యయముగా దోచును.

మూడవది విధి. ఒక్కొక్కరు పుట్టిన సంవత్సరము, నెల, దినము, గడియ – ఈ నాలుగింటికి రెండేసి యక్షరములు చొప్పున నెనిమిది యక్షరములు. వానిలో జీవితమంతయు వ్రాయబడియున్నదని కొరియావారు చెప్పుదురు. దీనిని పాల్జా యందురు. ఎనిమిది యక్షరములనియే యర్థము. మన నుదుటివ్రాతకు దగ్గఱచుట్టము. పాల్జాలో నుండినచో దప్పదు, లేకుండినచో రాదు. నడుమ రొమ్ము తడవి చూచుకొనుట యెందులకు? దీనికి దోడు 'మాట విత్తనమగును' అను సామెత. చెడుగును బేరుపెట్టి పలికినచో నది మొలకెత్తునట. కావున గూతురు తల్లితో నీ మాట యెత్తదు, తల్లి కూతురితో నెత్తదు.

ఇక సిగ్గు. ఇందొక చిత్రము గలదు. కొరియా పట్టణములలో బహిరంగ స్నానశాలలు తఱుచు. ఆడవారికి వేఱు, మగవారికి వేఱు. అందు స్త్రీలు వస్త్రములన్నియు విడిచి, తల్లులు, కూతుండ్రు, ఇరుగుపొరుగువారు నొక్కచోట వేడినీట గూర్చుండి, ఒకరి వీపు నొకరు రుద్దుకొందురు; కూలికి రుద్దు స్త్రీలును అచట నుందురు. ఇంత నిస్సంకోచముగా స్నానమాడు స్త్రీయే వైద్యశాలలో మగవైద్యుని యెదుట నొక గుండీ విప్పుటకు గుంగిపోవును. కాబట్టి యది శరీరమును గూర్చిన సిగ్గుమాత్రమే కాదు. ఎవరు చూచుచున్నారనుటను గూర్చిన సిగ్గు. తన శరీరమును దానే తాకి చూచుకొనుటయు గొందఱికి గానిపనిగా దోచును. రొమ్ము బిడ్డ పాలకని వారెఱుగుదురు. బిడ్డలు పెద్దవారైన పిమ్మట దానిని దలచుకొనుటయే యనుచితమని వారి మనసు.

బిడ్డలకు బాలిచ్చినవారికి రొమ్ముక్యాన్సరు రాదను మాట యొకటి గలదు. ఇది సగము సత్యము. 30 దేశములలోని 47 పరిశోధనలను జతపఱచి 2002లో బ్రకటించిన లెక్క ప్రకారము, పాలిచ్చిన ప్రతి పండ్రెండు నెలలకును ఆ తల్లికి నీ వ్యాధి వచ్చు నవకాశము నూటికి నాలుగు వంతులు తగ్గును. బిడ్డలసంఖ్య పెరిగినకొలదిని మఱికొంత తగ్గును. తగ్గుననుట వేఱు, రాదనుట వేఱు. మా వంశములో లేదు గనుక రాదనుటయు నిట్టిదే. ఈ వ్యాధి సోకిన స్త్రీలలో నెక్కువమందికి దల్లికిగాని తోబుట్టువులకుగాని యది యుండదు.

ఇప్పుడు కొరియాలో బిడ్డలు తగ్గిరి, పాలిచ్చు కాలము తగ్గెను, ఆహారము మాఱెను, రొమ్ముక్యాన్సరు పెరిగినది. ఒకప్పుడచట స్త్రీలలో గడుపు క్యాన్సరు ముందుండెడిది. ఈ శతాబ్ది మొదలయినప్పటినుండి రొమ్ముక్యాన్సరు దానిని మించినది. మఱియొక విశేషమేమనగా, తెల్లవారి దేశములలో నీ వ్యాధి అఱువది దాటినవారిలో నెక్కువగా గన్పట్టగా, కొరియాలో నలువది యేబదుల నడుమ నెక్కువ. అనగా పిల్లలు చదువులలో నుండగనే తల్లికి వచ్చును. 1999లో బ్రభుత్వము పేదవారికి ఉచితపరీక్షల నారంభించి, పిమ్మట విస్తరించెను. నేడు 40 ఏండ్లు నిండిన ప్రతి స్త్రీకిని రెండేండ్లకొకసారి రొమ్ముకు ఎక్సురే తీయుదురు. వ్యాధి సోకినవారిలో నైదేండ్ల పిమ్మట నూటికి 90 మందికి పైగా జీవించియున్నారు. రొమ్ముఱాయి మానరానిదను తీర్పు నాలుగు వందల యేండ్లకు దిరుగబడినది.

స్వదేశమున నిట్లుండగా, వలసపోయినవారి సంగతి వేఱు. 1965లో అమెరికా వలసచట్టము మాఱిన పిమ్మట గొరియావారు వేలకొలదిగా నచటికేగిరి. అనేకులు చిన్న యంగళ్లు, బట్టలుదుకు దుకాణములు పెట్టుకొని, భార్యాభర్తలిరువురును బ్రొద్దుననుండి రాత్రివఱకు బనిచేసిరి. బీమా లేదు, భాష రాదు, అంగడి మూయుటకు వీలులేదు. అక్కడి పరిశోధకులు – వారిలో గొరియా స్త్రీలే పలువురు – వీరినడిగి చూచిరి. అడుగుటకొక పద్ధతి యున్నది. 1950 తరువాతి యేండ్లలో, క్షయకై యుచితముగా ఎక్సురే తీయుదుమన్నను జనులు రాకపోవుట జూచి, అమెరికా ప్రభుత్వపు మనశ్శాస్త్రజ్ఞులు కల్పించినది. ఈ వ్యాధి నాకు వచ్చునా? వచ్చినచో నెంత కీడు? పరీక్షవలన లాభమేమి? అడ్డములేమి? ఈ ప్రశ్నలకు మనిషి మనసులోని జవాబులనుబట్టి యాతడు చేయునో చేయడో చెప్పవచ్చునని వారి మతము. మంచి పద్ధతియే; కాని యందు మనిషి యొంటరిగా దన మేలు తానే తూచుకొనునని యూహ. కొరియా స్త్రీ యొంటరిగా దూచుకొనదు. భర్తకు ఖర్చెంత, పిల్లలకు బెంగ యెంత, చూచినవారేమనుకొందురు – ఇవియు నా త్రాసులోనే పడును.

ఈ సంగతి గ్రహించిన వారొక మంచిపని చేసిరి. చికాగో నగరమున స్త్రీలను మాత్రమే గాక దంపతులను గూర్చుండబెట్టి, కొరియా భాషలోనే విషయము తెలిపి, భర్త యెట్లు మాటాడవలెనో, ఎట్లు తోడుపోవలెనో నేర్పిరి. అట్లు చేసిన పిమ్మట ఎక్సురేకు బోయిన స్త్రీలు పెరిగిరి. ఇంటి పెద్ద 'పోయి చూపించుకొనుము, అంగడి నేను చూచెదను' అనుటతో నెన్నో కరపత్రములు చేయలేని పని జరిగినది.

ఇక నేనొక నిజము చెప్పవలెను. నెలనెలా తడవి చూచుకొనుటయే ప్రాణము గాచునని వెనుక గట్టిగా జెప్పెడివారు. 1989లో జీనా దేశపు షాంఘై నగరమున నేతమిల్లులలో బనిచేయు 2,66,064 మంది స్త్రీలను రెండు భాగములు చేసి, ఒక భాగమునకు శ్రద్ధగా నీ పరీక్ష నేర్పిరి. 2002లో లెక్క చూడగా, నేర్చినవారిలో నీ వ్యాధిచే జనిపోయినవారు 135 మంది, నేర్వనివారిలో 131 మంది. భేదము లేదు. పైగా నేర్చినవారిలో గీడులేని గడ్డలను గోయించుకొన్నవా రెక్కువైరి. కావుననే యమెరికాలోని క్యాన్సరు సంఘమువారు దీనిని విధిగా జెప్పుట మానుకొనిరి. కొరియాలోని రొమ్ముక్యాన్సరు వైద్యసంఘమువారు మాత్రము 30 ఏండ్లనుండి నెలనెలా తడవి చూచుకొనవలెననియే చెప్పుచు వచ్చిరి. పిన్నవయసున వ్యాధి వచ్చుటయు, వారి స్త్రీలలో రొమ్ము దట్టమై ఎక్సురేలో గడ్డ తెలియరాకుండుటయు మనసున నుంచుకొనవలెను.

మఱి మన బొంబాయిలో జరిగినదియు వినుడు. 1998లో టాటా వైద్యశాలవారు 35 ఏండ్లు నిండిన 1,51,538 మంది స్త్రీలను దీసికొని, ఒక భాగమువారికి శిక్షణపొందిన యారోగ్య కార్యకర్త్రులచే రెండేండ్లకొకసారి చేతితో రొమ్ము పరీక్ష చేయించిరి. వైద్యులు గారు, యంత్రములు లేవు. 2021లో బ్రకటించిన ఫలితము ప్రకారము వ్యాధి తొందరగా బయటపడినది. ఏబది దాటినవారిలో మరణములు నూటికి ముప్పదివంతుల దనుక తగ్గినవి. ఏబదిలోపువారిలో మరణములు తగ్గలేదు. ఈ రెండు ఫలితములను ముందుంచుకొని నేననుకొనునది యిది: తడవి చూచుకొనుట మంత్రము కాదు, తాయెత్తు కాదు. మన దేశమున ఎక్సురే యంత్రము పలువురికి దూరము. గడ్డ నిమ్మకాయంతయైన పిమ్మట వచ్చు స్త్రీలే నాకెక్కువగా గనబడుచున్నారు. అట్టిచోట దన రొమ్ము మామూలుగా నెట్లుండునో తెలిసియున్న స్త్రీ, మాఱినప్పుడు గుర్తుపట్టును. గుర్తుపట్టిన పిమ్మట నామె నోరు తెఱచునా, ఇంటివారు వినుదురా యనునదే యసలు ప్రశ్న. షాంఘై లెక్కలలో నీ ప్రశ్న యడుగబడలేదు.

చేయు విధము స్వల్పము. నెలసరి ఆగిన నాలుగైదు దినములకు రొమ్ము మెత్తగా నుండును, అప్పుడు చూచుకొనవలెను. నెలసరి యుడిగినవారు నెలకొక తేదీ పెట్టుకొనవచ్చును, పున్నమియైనను సరియే. వెల్లకిల పరుండి, ఒక చేయి తలక్రింద బెట్టుకొని, రెండవచేతి నడిమి మూడువ్రేళ్ల మెత్తనిభాగముతో జిన్న చిన్న చుట్లుగా, మొదట దేలికగా, పిమ్మట గొంచెము నొక్కి, మెడయెముక మొదలు చంకవఱకు దడవవలెను. వ్రేళ్లతో బట్టి పిండరాదు; పిండినచో నంతయు గడ్డయే యనిపించును. స్నానమున సబ్బునీటి చేతితోనైనను జూచుకొనవచ్చును. అద్దములో జూచునప్పుడు చర్మము లోనికి లాగుకొనిపోయినను, నారింజతొక్కవలె గుంటలు పడినను, చనుమొన క్రొత్తగా లోనికి దిరిగినను, నెత్తురు కాఱినను, చంకలో గడ్డ తగిలినను వైద్యునికి జూపవలెను. నొప్పి యున్నదా లేదా యని యెదురుచూడ నక్కఱలేదు.

తగిలిన గడ్డలలో నెక్కువభాగము క్యాన్సరు కానివే. ఏది యగునో ఏది కాదో వ్రేలు చెప్పలేదు, సూదితో దీసిన ముక్క చెప్పును. సూది గ్రుచ్చినచో వ్యాధి ప్రాకుననుట నిజము కాదు. మన దేశమున 30 ఏండ్లు దాటిన స్త్రీలకు ఐదేండ్లకొకసారి చేతితో రొమ్ము పరీక్ష చేయు ప్రభుత్వ పథకము 2016 నుండి గలదు. మీ యూరి యారోగ్య ఉపకేంద్రమున నడుగవచ్చును. మఱి యీ వ్యాధి నూటికొకరుగా బురుషులకును వచ్చును. వారికి రొమ్ము పలుచన గనుక గడ్డ చేతికి సులభముగనే తగులును, వారును జూపించుకొనవలెను.